చూసినందుకూ కూలి కట్టండి

నా షెడ్డు ముందు ఈమధ్య ఒక బోర్డు పెట్టించాను. 'బండి చూసి రోగం చెప్పినందుకు 300 రూపాయలు. రిపేరు వేరే.' నెక్కొండలో టీ కొట్ల దగ్గర ఆ బోర్డు మీద జరిగిన చర్చ అంతా ఇంతా కాదు. 'చూసుడుకు గూడ పైసలేందే?' అన్నవాళ్లలో మా బావమరిది కూడా ఉన్నాడు. పానా పట్టకుండా, సామాను మార్చకుండా, ఊరికే చూసి డబ్బులడగడం వాళ్లకు దోపిడీలా తోచింది. నేననేది ఏమంటే, ఈ 300 ఇవ్వడానికి చెయ్యి రాకనే మా దిక్కు పాత జీపుల యజమానులు వేలకు వేలు పోగొట్టుకుంటున్నారు. చెప్పేది మెకానిక్కు కాబట్టి స్వార్థపు మాట అనుకున్నా సరే, లెక్క మాత్రం వినండి.

నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పాత ఫోర్‌వీల్ జీపులే. 1947లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడంతో మొదలుపెట్టిన మహీంద్రా వాళ్లు 1985లో ప్యూజో డీజిల్ ఇంజనుతో ఎంఎం 540 తెచ్చారు. ఆ వంశపు బండ్లు ఇప్పటికీ మా మిరప చేన్లకు, పత్తి చేన్లకు తిరుగుతూనే ఉన్నాయి. అడపాదడపా ఒక జిప్సీ వస్తుంది. వానాకాలం నల్లరేగడి బాటల్లోకి ట్రాక్టరు తప్ప మామూలు బండి ఏదీ దిగలేని రోజుల్లో కూలోళ్లను, ఎరువు బస్తాలను చేనుగట్టు దాకా చేర్చేవి ఇవే. వీటిలో క్లచ్చు నుంచి చక్రం దాకా ఒక్క సెన్సరు ఉండదు. గేరు డబ్బా, దాని వెనకే ట్రాన్స్‌ఫర్ కేసు, అక్కడి నుంచి ముందుకొక జాయింట్ రాడ్డు, వెనక్కొక జాయింట్ రాడ్డు, రెండు యాక్సిల్ హౌసింగులు, నాలుగు చక్రాలు. అంతా ఇనుమూ నూనే. అందుకే ఎక్కడ ఏ చిన్న లూజు పుట్టినా సప్పుడు బండంతా పాకుతుంది. వెనక హౌసింగులో పుట్టిన మోత డ్రైవరు సీటు కింద వినపడుతుంది. డ్రైవరు వచ్చి 'డబ్బా పోయిందన్నా' అంటాడు.

తంటా అంతా అక్కడే మొదలవుతుంది. డ్రైవరు డబ్బా అన్నాడు కాబట్టి మెకానిక్కు డబ్బా దించాడనుకోండి, నిండు కూలి వస్తుంది. దించకుండా బండి కింద అరగంట పడుకుని, 'డబ్బాకేం కాలేదు, వెనక రాడ్డు క్రాసు ఎండిపోయింది' అని చెబితే ఒక క్రాసు మార్చిన కూలి వస్తుంది. క్రాసు కూడా బాగానే ఉంది, ఫ్లాంజి నట్టు వదులైంది అంతే అని బిగించి పంపితే ఒక టీ వస్తుంది. పని తెలిసినకొద్దీ రాబడి తగ్గే వృత్తి ఇది. కుర్ర మెకానిక్కులు తొందరగానే ఈ సంగతి కనిపెడతారు. వాళ్లది మోసమని నేననను. వాళ్లకు మనం ఇచ్చే కూలి ఏ పనికి ఇస్తున్నామో ఆ పనే చేస్తున్నారు.

ఆ మధ్య కేసముద్రం వైపు నుంచి ఒక జీపు వచ్చింది. స్పీడు నలభై దాటితే చాలు, ఒళ్లంతా వణుకు. అప్పటికే ఒక షెడ్డులో డబ్బా మౌంటింగులు మార్చారు, ఇంకో చోట చక్రాలకు బ్యాలెన్సింగు చేశారు, మరో చోట క్రాసులు కొత్తవి వేశారు. వణుకు పోలేదు. 'ఇగ హౌసింగు ఇప్పాల్నట' అని యజమాని దిగులుగా నిలబడ్డాడు. ఈ వణుకు ఎప్పటి నుంచి అని అడిగాను. క్లచ్ ప్లేటు వేయించినప్పటి నుంచి అన్నాడు. క్లచ్ ప్లేటుకూ ఈ వణుకుకూ చుట్టరికం లేదు. కానీ క్లచ్ ప్లేటు వేయాలంటే డబ్బా దించాలి, డబ్బా దించాలంటే జాయింట్ రాడ్డు ఊడదీయాలి.

కమాన్ పట్టీలు ఎగిరిపడ్డప్పుడల్లా రాడ్డు పొడుగు మారాలి. అందుకే అందులో పళ్లున్న స్లిప్ జాయింట్ ఒకటి పెడతారు, ఒక ముక్క ఇంకో ముక్కలోకి జారుతూ ఉంటుంది. రెండు చివరలా రెండు క్రాసులుంటాయి. క్రాసు వంపులో తిరిగేటప్పుడు ఒక చిత్రం జరుగుతుంది. ఒక్క చుట్టులో రాడ్డు వేగం రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. క్రాసులను పట్టుకునే రెండు చివరల యోకులూ ఒకే వరసలో ఉంటే మొదటి క్రాసు చేసిన ఎగుడుదిగుడును రెండోది సరిచేస్తుంది. ఊడదీసి మళ్లీ దూర్చేటప్పుడు వరస తప్పినా స్లిప్ జాయింట్ వద్దనదు, హాయిగా ఎక్కి కూర్చుంటుంది. వణుకు అప్పుడు పుడుతుంది. ఈ తప్పు జరగకూడదనే రెండు ముక్కల మీదా బాణం గుర్తులు కొట్టి ఉంటాయి. ఏళ్ల తరబడి పేరుకున్న గ్రీజు, రేగడి మట్టి కింద అవి ఎవరికీ కనపడవు. డీజిల్ గుడ్డతో తుడిస్తే బయటపడ్డాయి. ఒక బాణం నేలకు చూస్తుంటే ఇంకోటి పక్కకు చూస్తోంది.

యజమాని స్టేషన్ దాకా పోయి వచ్చేలోపు రాడ్డు విప్పి, బాణాలు కలిపి, బిగించేశాను. తిరిగొచ్చాక బండిని నర్సంపేట రోడ్డెక్కించి యాభైలో పోనిచ్చాడు. వణుకు లేదు. దిగి వచ్చి 'ఎంతియ్యాలె?' అన్నాడు. చెప్పాను. 'ఏం మార్చినవని?' అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. మన అలవాటే అంత. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోయిన మనిషికి సూది వేయకపోతే వైద్యం జరిగినట్టే ఉండదు. 'నీకేం లేదు, రెండు రోజులు పండుకో' అన్నవాడికి ఫీజివ్వడానికి మనసొప్పదు. ఆ సంగతి తెలిసిన ఆర్‌ఎంపీ అందరికీ సూది వేస్తాడు. మా షెడ్లలో సూది బదులు బేరింగు వేస్తాం.

ఫోర్‌వీల్ లివర్ సంగతి చూడండి. 'నాలుగులో వేసిన, వెనక్కి వస్తలేదు, లోపల ఇరుక్కున్నది' అని వస్తారు. ట్రాన్స్‌ఫర్ కేసు దించి లోపలి ఫోర్కులు, బాల్ స్ప్రింగులు చూడాలని ఎవరో చెప్పి ఉంటారు. నేను ముందు టైర్లు చూస్తాను. మా రైతులకు ఒక పద్ధతుంది, కొత్త టైర్లు వెనక్కి, అరిగినవి ముందుకు. టూవీల్‌లో నడిపితే ఇబ్బంది లేదు. ఈ జీపుల్లో నాలుగులో వేస్తే ముందు రాడ్డూ వెనక రాడ్డూ కలిసి ఒకే వేగంతో తిరగాల్సిందే, మధ్యలో సర్దుబాటు చేసే డిఫరెన్షియల్ లేదు. టైరు ఎనిమిది మిల్లీమీటర్లు అరిగితే చుట్టుకొలత వందకు రెండు పాళ్లు తగ్గుతుంది. కిలోమీటరు పోయేసరికి ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ 20 మీటర్లకు పైగా తేడా. బురదలో చక్రం జారి ఆ తేడాను దిగమింగుతుంది. తారురోడ్డు మీద జారదు. తేడా అంతా రాడ్లలో, యాక్సిళ్లలో మెలికగా పేరుకుని గేర్ల పళ్లను ఒకదానికొకటి అదుముతుంది. ఇక లివర్‌ను ఏనుగు లాగినా రాదు. టైర్లు సమానంగా ఉన్నా, నాలుగులోనే తారురోడ్డు మలుపులు తిప్పితే జరిగేది ఇదే, మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం పోవాలి కదా.

కొంచెం దూరం రివర్సు పోనిస్తే చాలాసార్లు వదిలేస్తుంది. మొండికేస్తే ముందు చక్రం ఒకటి జాకీ మీద లేపాలి. టైరు నేలను వదిలిన క్షణంలో ధన్‌మని మోత, చక్రం దానంతటదే గిర్రున కదులుతుంది. చేతులు దూరంగా ఉంచుకోవాలి. తర్వాత లివర్ వేలితో తోస్తే వచ్చేస్తుంది. లోపల ఏదీ విరగలేదు. ఈ వైద్యానికి ఎవరైనా ఎంతిస్తారో ఊహించుకోండి.

హౌసింగు మీద బ్రీదర్ అని చిటికెన వేలంత మూత ఒకటుంటుంది. హౌసింగు వేడెక్కితే లోపలి గాలి దాంట్లోంచి బయటకు పోవాలి. అది మట్టితో పూడుకుపోతే గాలి ఆయిల్ సీలును తోసుకుని వెళ్తుంది, వెంట నూనెను తీసుకుని. నూనె డ్రమ్ములోకి దిగి బ్రేకు లైనర్లు తడుస్తాయి. సీలు మారుస్తారు. మళ్లీ కారుతుంది. 'డూప్లికేట్ సీలు' అని దుకాణదారును తిట్టి ఇంకోటి వేస్తారు. పైనున్న మూతను సన్న తీగతో పొడిచి శుభ్రం చేసినవాడికి బిల్లులో రాయడానికి ఏమీ ఉండదు.

అదే బ్రీదర్ వానాకాలంలో ఇంకో పని చేస్తుంది. 2024 సెప్టెంబరు 1న మా పక్కనే ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయిన వానలు గుర్తుండే ఉంటాయి. ఆ రోజుల్లో నీళ్లలోంచి దాటించిన బండ్లు తర్వాత వరసగా వచ్చాయి. వేడి మీదున్న హౌసింగు చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి ఏ సందు దొరికితే ఆ సందులోంచి నీళ్లు పీలుస్తుంది. డ్రెయిన్ నట్టు విప్పితే నూనె పాలటీలా వచ్చింది. అప్పుడే నూనె మార్పించుకున్నవాళ్లకు నూనె ఖర్చుతో పోయింది. నడుస్తోంది కదా అని వదిలేసినవాళ్లకు బేరింగులు తుప్పు పట్టి, ఎండాకాలానికి ఊళ పెట్టాయి. నట్టు విప్పి చూడటానికి ఎంత పని? కానీ 'జెర చూసి చెప్పు' అని వచ్చినవాళ్లు తక్కువ, మోత వచ్చాక వచ్చినవాళ్లే ఎక్కువ.

మోత ఎక్కడిదో తేలనప్పుడు ఫోర్‌వీల్ బండి మనకొక వెసులుబాటు ఇస్తుంది, మామూలు కారుకు అది లేదు. వెనక జాయింట్ రాడ్డు ఊడదీసి పక్కన పెట్టి, ముందు హబ్బులు లాక్ చేసి, లివర్ నాలుగులో వేస్తే బండి ముందు చక్రాలతోనే నడుస్తుంది. ఊరి బయట ఖాళీ రోడ్డు మీద మెల్లగా పోనిచ్చి వినాలి. మోత పోయిందంటే దోషం వెనక రాడ్డులోనో, వెనక హౌసింగులోనో. పోలేదంటే వెనక రాడ్డును ముట్టుకోవద్దు. తర్వాత ముందు రాడ్డు ఊడదీసి, వెనకది బిగించి మళ్లీ వినాలి. విప్పేది కొద్ది బోల్టులే, తేలేది సగం బండి. ఒక్క జాగ్రత్త. విల్లీస్ రకం పాత జీపుల్లో హ్యాండ్‌బ్రేకు చక్రాలకు కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక మూతికి ఉంటుంది. వెనక రాడ్డు విప్పాక అది వెనక చక్రాలను ఆపలేదు. చక్రాల కింద రాళ్లు పెట్టకుండా, ఏటవాలు మీద రాడ్డు విప్పడానికి బండి కింద దూరినవాడు ప్రాణాలతో చెలగాటమాడుతున్నట్టే. ఇంకో మాట, జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు డబ్బాకు అతుక్కుని ఉండదు. విడిగా రబ్బర్ల మీద వేలాడుతుంది, మధ్యలో పొట్టి రాడ్డు ఇంకొకటి. ఆ రబ్బర్లు చచ్చిపోయి వచ్చే అదురుకు డబ్బా విప్పించుకున్నవాళ్లు నాకు తెలుసు.

హౌసింగు లోపలుండే క్రౌన్ పినియన్ పేరు చెబితే యజమానులకు గుండె జారుతుంది, ఎందుకంటే అది జతగా నూరిన సామాను. ఒకటి పాడైతే రెండూ మార్చాల్సిందే, బిగింపులో మిల్లీమీటరులో ఐదో వంతు తేడా కూడా భరించదు. ఆ భయాన్ని వాడుకోవడం తేలిక. బండిని న్యూట్రల్‌లో పెట్టి, రాడ్డును చేత్తో అటూ ఇటూ తిప్పి చూపిస్తారు. 'సూడు, ఎంత ఆడుతున్నదో. క్రౌన్ పినియన్ లేచిపోయింది.' నిజానికి పాత విల్లీస్ రకం హౌసింగులో రాడ్డు 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. కాబట్టి యాక్సిల్ పళ్లలో ఉన్న కొద్దిపాటి లూజు రాడ్డు దగ్గరికి వచ్చేసరికి ఐదింతలై కనిపిస్తుంది. ముసలి బండికి ఆ మాత్రం ఆట సహజం. చూడాల్సింది ఎంత ఆడుతోందని కాదు, ఎక్కడ ఆడుతోందని. ఒక చెయ్యి రాడ్డు మీద, ఇంకో చెయ్యి ఫ్లాంజి మీద పెట్టి తిప్పాలి. రాడ్డు కదిలి ఫ్లాంజి కదలకపోతే అది క్రాసు. ఫ్లాంజిని పట్టుకుని పైకీ కిందికీ ఊపితే కదిలిందా, అది పినియన్ బేరింగు లేదా నట్టు, దాన్ని ఇక నడపొద్దు. ఉత్తగా తిరిగే ఆట అయితే నూనె దించి తెల్లగుడ్డలో వడకట్టి చూడండి. బూడిదరంగు జిగురు సంగతి పట్టించుకోనక్కర్లేదు. చేతికి తగిలే ఇనుప పెచ్చులు వస్తే అప్పుడు హౌసింగు విప్పుదాం.

చిత్రమేమంటే చూసినందుకు డబ్బులివ్వడం మనవాళ్లకు రాదనేది పూర్తి నిజం కాదు. కొత్త కారులో ఇంజను గుర్తు వెలిగితే వరంగల్ పోయి స్కానర్ పెట్టిస్తారు. ఆ పెట్టె వైరు గుచ్చి నాలుగు అక్షరాలు చూపిస్తే అడిగినంత ఇచ్చి వస్తారు. అది విప్పిందీ లేదు, బిగించిందీ లేదు. 2022లో 15 ఏళ్లు దాటిన జీపు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 అయితే గొణుక్కుంటూ కట్టారు. పెట్టె చూసినందుకు ఇస్తారు, ముద్ర వేసినందుకు ఇస్తారు. మనిషి బండి కింద పడుకుని, రాడ్డుకు చెవి ఆనించి చెప్పినందుకు మాత్రం ఇవ్వరు. స్కానర్‌కు అర్థమయ్యేది ఏదీ లేని బండికి ఆ చెవి తప్ప వేరే పరికరం లేదు మరి.

మీ అనుమానమూ న్యాయమే. చూసినందుకు డబ్బు తీసుకుని నోటికొచ్చింది చెప్పే మెకానిక్కు ఉండడా అంటే, ఉంటాడు. దానికి విరుగుడు కాగితం. డ్రైవరు ఏం చెప్పాడు, నేను ఏమేం పరీక్షలు చేశాను, ఏం తేలింది, ఈ మూడూ నేను చీటీ మీద రాసి ఇస్తున్నాను. ఆ చీటీ పట్టుకుని ఏ షెడ్డుకైనా పోవచ్చు, నా దగ్గరే చేయించుకోవాలని లేదు. తప్పు చెబితే నా సంతకంతో నా తప్పు ఊరంతా తిరుగుతుంది. కొందరు మిత్రులు ఇంకో దారి చెప్పారు, రిపేరు కూడా నీ దగ్గరే చేయిస్తే ఆ 300 మాఫీ చెయ్యి అని. వద్దన్నాను. మాఫీ చేస్తే నా కన్ను మళ్లీ రిపేరు మీదికే పోతుంది. 'ఏం కాలేదు, తీసుకుపో' అనే మాటకూ, 'హౌసింగు విప్పాలి' అనే మాటకూ నాకు ఒకే కూలి దక్కినప్పుడే నా మాటలో వంకర ఉండదు.

కుర్రాళ్ల చదువులోనూ ఈ లోటుంది. ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ కోర్సు రెండేళ్లు. నా దగ్గరికి పనికి వచ్చే పిల్లలు డబ్బా విప్పి మళ్లీ చక్కగా బిగిస్తారు, పానాల నంబర్లు కళ్లు మూసుకుని చెబుతారు. కావాలనే ఒక నట్టు వదులు చేసిన జీపును ముందు పెట్టి 'ఏమైందో చెప్పు' అంటే మాత్రం ముందు టూల్‌బాక్సు మీదికి చెయ్యి పోతుంది. క్లచ్ తొక్కితే మోత పోతే ఏంటి, తొక్కినప్పుడే వస్తే ఏంటి, గేరు మార్చినా మారకుండా బండి వేగంతో పెరిగే మోత ఎక్కడిది, రేస్ ఇస్తే ఒక తీరుగా వదిలేస్తే ఇంకో తీరుగా ఏడిస్తే ఏంటి, ఇవి పరీక్షలో రాయించడం కాదు, బండిలో కూర్చోబెట్టి వినిపించాలి. ప్రతి ఐటీఐలో ఒక పాత జీపును వేలానికి పంపకుండా రోగాలు పెట్టడానికే ఉంచుకుంటే చాలు. పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

సంక్రాంతి దాటితే మిరప ఏరుళ్ల హడావుడి. ఆ నాలుగు నెలలు బండి ఆగితే కూలోళ్లు వేరే చేనుకు పోతారు, కాబట్టి జీపులన్నీ ఒక్కసారిగా షెడ్ల మీద పడతాయి. వచ్చేటప్పుడు యజమాని ఒక్కరే రాకుండా రోజూ నడిపే డ్రైవర్‌ను వెంట తీసుకురండి, సప్పుడు విన్నది అతను. చివరిసారి ఏం పని చేయించారో, దానికి ముందా తర్వాతా ఈ రోగం మొదలైందో గుర్తు చేసుకుని రండి. నాలుగు టైర్లలో గాలి సరిగ్గా పట్టించండి. అన్నిటికంటే ముఖ్యం, వచ్చే ముందు బండిని కింద కడిగించొద్దు. నూనె ఎక్కడ మొదలై ఎటు పాకిందో ఆ దుమ్ము మీదే చారలుగా ఉంటుంది, నేను చదవాల్సింది దాన్నే. కడిగి తెచ్చారంటే ఒక రోజు నడిపి మళ్లీ తెమ్మంటాను. ఆ రెండో రాకకు వేరే డబ్బులు లేవు.